రక్తంలో ఈస్ట్ ఇన్‌ఫెక్షన్: ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. రక్తంలో కాండిడా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) చేరినప్పుడు వాడే మందుల గురించి రోగుల ఇంటివాళ్లూ అడిగారు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లూ అడిగారు. అందుకే ఈ సంచిక శీర్షిక మొత్తాన్ని దీనికే ఇచ్చాం.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. రెండేళ్లుగా డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపిన చోటు) మూసుకుపోవడంతో మెడ దగ్గర ట్యూబు పెట్టారు. చలి జ్వరం వచ్చి, యాంటీబయాటిక్స్‌కి తగ్గకపోతే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) చేశారు. కాండిడా ట్రోపికాలిస్ అని రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు మైకాఫంగిన్ మొదలుపెట్టారు, ట్యూబు తీసెయ్యాలి అంటున్నారు. మూడు రోజులకే జ్వరం తగ్గింది. ట్యూబు తీస్తే డయాలసిస్ ఎలా? మందుతోనే నెట్టుకురాకూడదా? ఫ్లుకోనజోల్ మాత్రలు చవక కదా, అవి సరిపోవా?
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: ట్యూబు తీయించండి. జ్వరం తగ్గింది కదా అని ఆ పని వాయిదా వేయకండి. చెరువు మెట్లకు పాచి పట్టినట్టు కాండిడా ఆ ట్యూబు లోపలి గోడకు జిగురు పొరగా పట్టేస్తుంది. మందు రక్తంలో తిరిగే ఈస్ట్‌ని చంపుతుంది, జ్వరం తగ్గుతుంది. ఆ పొర అడుగున ఉన్నది మాత్రం బతికే ఉంటుంది. మందు ఆపిన వారానికో పది రోజులకో మళ్లీ చలి మొదలవుతుంది. అప్పటికి అది కంటిలోకో గుండె కవాటం మీదకో చేరి ఉండొచ్చు. ఏడు పెద్ద ట్రయల్స్‌లోని 1,915 మంది వివరాలను కలిపి 2012లో పరిశీలించారు. అక్కడ ప్రాణాలు నిలవడంతో ముడిపడి కనిపించినవాటిలో, చికిత్సపరంగా వైద్యుల చేతిలో ఉన్నవి రెండే: మైకాఫంగిన్ తరగతి మందు వాడటం, సెంట్రల్ లైన్ (పెద్ద నరంలోకి పెట్టిన ట్యూబు) తీసెయ్యడం.

డయాలసిస్ ఆగిపోదు. పాత ట్యూబు తీసేసి, ఇంకో చోట, అంటే మెడకు అవతలి వైపో తొడ దగ్గరో తాత్కాలిక ట్యూబు పెట్టి ఎక్కిస్తారు. కల్చర్ నెగటివ్ వచ్చాక మళ్లీ చాలాకాలం ఉండే ట్యూబు పెడతారు. ఇంకెక్కడా నరం దొరకని పరిస్థితిలో మాత్రమే పాత దారిలోనే తీగ మీదుగా ట్యూబు మారుస్తారు. ఈ గండం గడవగానే కొత్త ఫిస్టులా గురించి నెఫ్రాలజిస్టును గట్టిగా అడగండి. ఉద్దానం ప్రాంతంలో ట్యూబు మీదే నెలల తరబడి డయాలసిస్ సాగే ఇళ్లకు ఇది మరీ ముఖ్యం.

మందు విషయంలో మీ డాక్టరుగారు సరైనదే ఎంచుకున్నారు. మైకాఫంగిన్ రోజుకు 100 మి.గ్రా., గంటసేపు సెలైన్‌లో ఎక్కిస్తారు. కిడ్నీ పనిచెయ్యకపోయినా మోతాదు మార్చనక్కర్లేదు, డయాలసిస్‌లో బయటికి పోదు కూడా. ఇదే తరగతిలో కాస్పోఫంగిన్ (మొదటి రోజు 70, తర్వాత రోజుకు 50 మి.గ్రా.), అనిడులాఫంగిన్ (మొదటి రోజు 200, తర్వాత 100 మి.గ్రా.) ఉన్నాయి. మూడూ ఈస్ట్ కణం చుట్టూ ఉండే గోడ కట్టుబడినే దెబ్బతీస్తాయి. మన కణాలకు ఆ గోడ ఉండదు కాబట్టి మనిషికి హాని తక్కువ.

ఫ్లుకోనజోల్‌కీ వంతు వస్తుంది, కానీ తర్వాత. 5 నుంచి 7 రోజులకు మనిషి కుదుటపడాలి, మళ్లీ తీసిన కల్చర్ నెగటివ్ రావాలి, సెన్సిటివిటీ రిపోర్టులో ఫ్లుకోనజోల్ పనిచేస్తుందని ఉండాలి. ఈ మూడూ కుదిరితే సూదిమందు ఆపి దానికి మారతారు. మింగిన మాత్రలో సుమారు 90 శాతం రక్తంలోకి చేరుతుంది కాబట్టి, వాంతులు లేకుండా తినగలిగేవాళ్లకు మాత్ర కూడా సూదిమందంత పనిచేస్తుంది. మీ నాన్నగారి విషయంలో ఒక జాగ్రత్త ఉంది. డయాలసిస్ ఈ మందును రక్తంలోంచి లాగేస్తుంది, కాబట్టి డయాలసిస్ రోజున అది ముగిశాకే డోసు పడాలి. పొద్దున్నే మాత్ర వేసుకుని డయాలసిస్‌కి వెళ్తే ఆ రోజు మందు చాలావరకు వృథా.

రోజుల లెక్క మందు మొదలుపెట్టిన నాటి నుంచి కాదు. మొదటిసారి కల్చర్ నెగటివ్ వచ్చిన రక్తం ఏ రోజు తీశారో ఆ రోజు నుంచి 14 రోజులు. అందుకే రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ కల్చర్ తీస్తూనే ఉండాలి. ఉదాహరణకు 3న, 5న తీసినవి పాజిటివ్, 7న తీసినది నెగటివ్ అనుకోండి. మందు 20వ తేదీ దాకా సాగాలి. ఈలోపు, మొదటి వారంలోనే, కంటి డాక్టరు చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి రెటీనా చూడాలి. చూపు బాగానే ఉందని దీన్ని మానొద్దు, మొదట్లో రోగికి తేడా తెలియదు. కంటిలో మచ్చలుంటే వైద్యం కనీసం 4 నుంచి 6 వారాలు, మందు కూడా మారుతుంది. మైకాఫంగిన్ తరగతి మందులు కంటిలోకి, మెదడులోకి, మూత్రంలోకి సరిగా చేరవు. కల్చర్లు రోజుల తరబడి పాజిటివ్‌గానే వస్తుంటే గుండెకు ఎకో తీయించాలి.

ప్రశ్న: మా వార్డులో ఆంఫోటెరిసిన్ బి కలుపుతుంటే సీసాలో తెల్లగా విరిగినట్టయింది. ఏం తప్పు జరిగింది? మామూలు ఆంఫోటెరిసిన్‌కీ లైపోసోమల్‌కీ కలపడంలో తేడా ఏమిటి?
– ఒక స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం

జవాబు: సెలైన్ తగిలింది. ఫంగస్‌ను చంపే ఈ ఆంఫోటెరిసిన్ ఏ రకమైనా ఉప్పునీటిలో విరిగిపోతుంది. విరిగిన సీసా పారబొయ్యాలి, వడగట్టి ఎక్కించకూడదు. సీసాలో 5 శాతం డెక్స్ట్రోజే వాడినా ఇలా జరగొచ్చు. అంతకుముందు అదే లైన్‌లో సెలైన్ నడిచి, ట్యూబింగ్‌లో కాస్త మిగిలి ఉంటే చాలు. మందుకు ముందూ తర్వాతా లైన్‌ను డెక్స్ట్రోజ్‌తోనే ఫ్లష్ చెయ్యండి.

మామూలు రకం, అంటే డీఆక్సికోలేట్: 50 మి.గ్రా. వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి తేటగా అయ్యేదాకా కదపాలి. దాన్ని 500 మి.లీ. 5 శాతం డెక్స్ట్రోజ్‌లో కలిపితే మి.లీ.కి 0.1 మి.గ్రా. వస్తుంది. 4 నుంచి 6 గంటలు ఎక్కించాలి. ఎక్కుతున్న గంటా రెండు గంటల్లో వణుకు, జ్వరం రావడం మామూలే. అరగంట ముందు పారాసిటమాల్, యాంటీహిస్టమిన్ ఇస్తారు. వణుకు ఆగకపోతే పెథిడిన్ ఆర్డరు కోసం డాక్టరును పిలవండి.

లైపోసోమల్, అంటే కొవ్వు బుడగల్లో పొదిగినది: 50 మి.గ్రా. వయల్‌లో సాధారణంగా 12 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి 30 సెకన్లు గట్టిగా ఊపాలి. మి.లీ.కి 4 మి.గ్రా. అవుతుంది. కంపెనీని బట్టి పోసే నీళ్లు మారొచ్చు కాబట్టి పెట్టెలోని కాగితం చూడండి. లెక్క ఒకటి చేసి చూద్దాం. 60 కిలోల మనిషికి కిలోకి 3 మి.గ్రా. చొప్పున 180 మి.గ్రా. కావాలి. నాలుగు వయల్స్ కలిపి అందులోంచి 45 మి.లీ. తీసి, 5 మైక్రాన్ల ఫిల్టర్ గుండా 90 మి.లీ. డెక్స్ట్రోజ్‌లోకి ఎక్కిస్తే మి.లీ.కి సుమారు 1.3 మి.గ్రా. పడుతుంది. రెండు గంటల్లో ఎక్కించాలి.

ఇక్కడ ప్రాణం తీసే పొరపాటు ఒకటుంది. లైపోసోమల్ కిలోకి 3 నుంచి 5 మి.గ్రా. ఇస్తారు. మామూలు రకం కిలోకి 0.5 నుంచి 1 మి.గ్రా. మాత్రమే, ఎట్టి పరిస్థితిలోనూ రోజుకు 1.5 దాటకూడదు. కేస్ షీటులో 'ఆంఫోటెరిసిన్ 200 మి.గ్రా.' అని మాత్రమే రాసి ఉంటే, స్టోర్ నుంచి మామూలు వయల్స్ వస్తే, గుండె ఆగిపోవచ్చు. లిపిడ్ కాంప్లెక్స్, లిపిడ్ ఎమల్షన్ అని ఇంకా రకాలున్నాయి, ఏదీ ఇంకోదానికి బదులు కాదు. రకం పేరు రాయని ఆర్డరుకు మందు కలపకండి. ఎంత రాత్రయినా ఫోన్ చేసి అడగండి. కోప్పడినా సరే, రాయించుకోండి.

మందు నడిచినన్నాళ్లూ పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ రోజూ చూడాలి. కిడ్నీ గొట్టాలు దెబ్బతిని పొటాషియం మూత్రంలో పోతుంటుంది, అది 3 కంటే పడిపోతే గుండె లయ తప్పుతుంది. గుండె, కిడ్నీ తట్టుకోగలిగినవారికి మందుకు ముందు 500 మి.లీ. నుంచి లీటరు సెలైన్ ఎక్కిస్తే కిడ్నీకి దెబ్బ తగ్గుతుంది. ఆ సెలైన్ అయ్యాక డెక్స్ట్రోజ్ ఫ్లష్ మరవకండి.

కాస్పోఫంగిన్‌కి ఇదంతా తిరగేసి ఉంటుంది. అది డెక్స్ట్రోజ్‌లో నిలవదు, సెలైన్‌లోనే కలపాలి. ఒకే ట్రాలీ మీద రెండు మందులూ ఉన్న రోజు సీసాల మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. దాని వయల్స్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. విశాఖ నుంచి బస్సులో తెప్పిస్తే ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో రావాలి, వయల్ మాత్రం గడ్డకట్టిన ప్యాక్‌ను నేరుగా ఆనకూడదు. గంటకంటే వేగంగా ఎక్కిస్తే ముఖం ఎర్రబడి దురద వస్తుంది. మైకాఫంగిన్‌ను ఊపకూడదు, నురగ కడుతుంది. మెల్లగా తిప్పి కరిగించి, కలిపిన సీసాకు వెలుతురు తగలకుండా కవరు తొడగాలి.

ప్రశ్న: కల్చర్ బాటిళ్లు మా ల్యాబ్ నుంచి విశాఖ పంపిస్తాం. నెగటివ్ వస్తే కాండిడా లేదనుకోవచ్చా?
– ల్యాబ్ టెక్నీషియన్, నరసన్నపేట

జవాబు: అనుకోకూడదు. లోతుగా పాకిన కాండిడా ఇన్‌ఫెక్షన్లలో బ్లడ్ కల్చర్ సుమారు సగం మందిలోనే బయటపడుతుంది. మీ చేతిలో ఉన్నది రక్తం పరిమాణం. పెద్దవాళ్లకు బాటిల్‌కు 8 నుంచి 10 మి.లీ., రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు సెట్లు తీయండి. 3 మి.లీ. పోసి పంపిన బాటిల్ నెగటివ్ రిపోర్టు మీద ఆధారపడటం ప్రమాదం. రక్తం నింపిన బాటిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకండి, గది ఉష్ణోగ్రతలోనే అదే రోజు పంపండి. ఈస్ట్ పెరగడానికి 2, 3 రోజులు పడుతుంది, గ్లాబ్రేటా రకం ఇంకా ఆలస్యం చేస్తుంది. గ్రామ్ స్టెయిన్‌లో 'బడ్డింగ్ ఈస్ట్' (మొగ్గ తొడుగుతున్న ఈస్ట్) కనబడితే రిపోర్టు టైపు అయ్యేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. రక్తంలో కాండిడా ఒక్క బాటిల్‌లో వచ్చినా అది చర్మం మీది కల్తీ అని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

ప్రశ్న: ఐసీయూ డ్యూటీ చేస్తుంటాను. అందరికీ కాస్పోఫంగిన్ మొదలుపెట్టమంటారు. ఖర్చు చూస్తే ఫ్లుకోనజోల్ వైపు మనసు లాగుతుంది. ఒకదానితో ఒకటి పోల్చిన ఆధారాలేమిటి?
– ఒక యువ వైద్యుడు, బొబ్బిలి

జవాబు: 1994లో ఫ్లుకోనజోల్‌ను మామూలు ఆంఫోటెరిసిన్‌తో పోల్చారు. న్యూట్రోపీనియా (తెల్లకణాలు బాగా తగ్గిపోవడం) లేనివారిలో వరుసగా 70, 79 శాతం మంది కోలుకున్నారు, గణాంకపరంగా తేడా లేదు, కిడ్నీకి ఫ్లుకోనజోలే నయం. 2002లో కాస్పోఫంగిన్ అదే ఆంఫోటెరిసిన్‌తో తలపడితే 73.4, 61.7 శాతం. 2007లో అనిడులాఫంగిన్, ఫ్లుకోనజోల్ ఎదురెదురుగా నిలిచాయి: 75.6, 60.2 శాతం. మీ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేది ఇదే. అదే ఏడాది మైకాఫంగిన్, లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ 89.6, 89.5 శాతంతో సరిసమానంగా వచ్చాయి, దుష్ఫలితాలు మాత్రం మైకాఫంగిన్‌కు తక్కువ. ఈ శాతాలను ఒక ట్రయల్ నుంచి ఇంకో ట్రయల్‌కు పక్కపక్కన పెట్టి చూడకండి. రోగులూ వేరు, విజయం అని దేన్ని లెక్కించారో అదీ వేరు. పైన కవిటి పాఠకుడికి చెప్పిన 2012 విశ్లేషణలో ఎకైనోకాండిన్ (మైకాఫంగిన్ తరగతి మందు) వాడినవారిలో మరణాలు 27 శాతం, మిగిలినవారిలో 36. ఐసావుకొనజోల్ కొత్త మందే అయినా కాస్పోఫంగిన్‌తో సరితూగలేదు: 60.3, 71.1. కొత్తది కాబట్టి మేలనుకోవద్దు.

ఖర్చు బాధ నిజమైనదే. దాన్ని తగ్గించే చోటు మొదటి రోజు కాదు, ఆరో రోజు. రక్తపోటు నిలకడగా ఉండి, గతంలో అజోల్ మందు (ఫ్లుకోనజోల్ తరగతి) వాడనివారికి, గ్లాబ్రేటా, క్రూసై, ఆరిస్ అనే కాండిడా రకాల అనుమానం లేనప్పుడు ఫ్లుకోనజోల్‌తో మొదలుపెట్టడం తప్పుకాదు. అలాగైతే లోడింగ్ డోసు (మొదటి పెద్ద మోతాదు) తప్పకూడదు: కిలోకి 12 మి.గ్రా., అంటే సుమారు 800, తర్వాత 400. లోడింగ్ లేకుండా 200తో మొదలుపెట్టడం మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు. దాని హాఫ్ లైఫ్ (మందు శరీరంలో సగానికి తగ్గే సమయం) సుమారు 30 గంటలు కాబట్టి సరైన స్థాయికి చేరేసరికి వారం గడుస్తుంది, రోగికి అంత టైము ఉండదు. కిడ్నీ దెబ్బతిన్నా లోడింగ్ తగ్గించకండి, తగ్గించేది తర్వాతి డోసులే.

రకాన్ని బట్టి చూస్తే, మన దేశంలో 27 ఐసీయూలలో చేసి 2015లో వెలువరించిన అధ్యయనంలో ట్రోపికాలిస్ 41.6 శాతంతో ముందుంది. ఆల్బికాన్స్, ట్రోపికాలిస్ సెన్సిటివ్ అయితే ఫ్లుకోనజోల్‌కి మారొచ్చు. క్రూసైకి ఫ్లుకోనజోల్ పుట్టుకతోనే పనిచెయ్యదు, మాత్రకు మారాలంటే వోరికోనజోల్. గ్లాబ్రేటాకు సెన్సిటివిటీ చూసి ఫ్లుకోనజోల్ 800, లేదంటే ఎకైనోకాండిన్‌తోనే పూర్తిచెయ్యడం. పారాప్సిలోసిస్‌కు ఎకైనోకాండిన్ ఎంఐసీ (ఈస్ట్ పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస మందు స్థాయి) కాస్త ఎక్కువగా ఉంటుంది, అయినా మొదలుపెట్టిన మందుతో రోగి కోలుకుని కల్చర్ నెగటివ్ అయితే మార్చాల్సిన పనిలేదు. ఆరిస్‌కు ఫ్లుకోనజోల్ మీద ఆశ పెట్టుకోవద్దు. రిపోర్టులో 'హీమ్యులోనీ' అని వస్తే అది ఆరిస్ కావచ్చు. పాత ఆటోమేటిక్ మిషన్లు ఈ రెంటినీ పొరపడతాయి, మాల్డీ-టాఫ్ (క్రిమి రకాన్ని గుర్తించే యంత్రం) ఉన్న ల్యాబ్‌కు పంపి తేల్చుకోండి.

ప్రశ్న: ఏడో నెలలో పుట్టిన మా పాప బరువు కిలో. రక్తంలో ఫంగస్ అన్నారు. వెన్నులోంచి నీరు తీస్తామంటున్నారు, అది అవసరమా? పెద్దవాళ్ల కిడ్నీ పాడుచేసే ఆంఫోటెరిసిన్ ఇంత చిన్న బిడ్డకా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: భయపడకండి, రెండూ సరైనవే. నెలలు నిండని బిడ్డల్లో కాండిడా రక్తంలోంచి మెదడు పొరలకు తేలిగ్గా పాకుతుంది, పైకి లక్షణాలు కనబడవు. వెన్ను నీరు చూడకపోతే ఆ సంగతి తెలియదు, తెలియకపోతే వైద్యం మధ్యలో ఆగిపోతుంది. పెద్దవాళ్లను అంత బాధపెట్టే మామూలు ఆంఫోటెరిసిన్‌ను పసిపిల్లలు బాగా తట్టుకుంటారు. కిలోకి రోజుకు 1 మి.గ్రా. ఇస్తారు, మీ పాపకు 1 మి.గ్రా. మాత్రమే. ముందుజాగ్రత్తగా ఫ్లుకోనజోల్ ఇంతకుముందు ఇచ్చి ఉండకపోతే, అది కిలోకి 12 మి.గ్రా. చొప్పున ఇంకో దారి. మైకాఫంగిన్ తరగతి మెదడుకు సరిగా చేరదు కాబట్టి పిల్లల డాక్టర్లు దాన్ని మిగతావి కుదరనప్పుడే వాడతారు. కంటి పరీక్ష చేస్తారు. కల్చర్ పాజిటివ్‌గానే ఉంటే కిడ్నీ, కాలేయం, ప్లీహానికి స్కాన్ కూడా అడగండి. బొడ్డు దగ్గరి లైన్ ఉంటే తీశారో లేదో తెలుసుకోండి.

ప్రశ్న: వెంటిలేటర్ మీద ఉన్న మా అత్తగారి కఫంలో కాండిడా వచ్చింది. ఇదే జబ్బా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: కాదు. నోటిలో, గొంతులో ఉండే ఈస్ట్ కఫంలో కనబడుతుంది. ఒక్క ఆ రిపోర్టు మీద ఫంగస్ మందు అక్కర్లేదు. జ్వరం తగ్గకుండా ఉంటే బ్లడ్ కల్చర్ చేశారా అని అడగండి.

ప్రశ్న: మా అమ్మగారికి ఈ జబ్బు నయమై ఇంటికి పంపుతూ ఫ్లుకోనజోల్ 400 మి.గ్రా. రోజూ 9 రోజులు రాశారు. మందుల షాపులో 150 మి.గ్రా. వారానికి ఒకటి చాలన్నారు. ఆమెకు సుగర్ ఉంది, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు.
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: వారానికి ఒక 150 మాత్ర తామరకు, అలాంటి పైపై జబ్బులకు. రక్తంలో ఇన్‌ఫెక్షన్‌కి డాక్టరు రాసిన 400 రోజూ వెయ్యాల్సిందే. రెండు 200 మాత్రలు ఒకేసారి ఇచ్చినా అదే. గ్లిమెపిరైడ్ శరీరంలో విరిగి బయటికి పోవడాన్ని ఫ్లుకోనజోల్ నెమ్మదింపజేస్తుంది, సుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఈ 9 రోజులూ, మందు ఆపాక ఇంకో వారమూ ఉదయం, రాత్రి వేలిచివర రక్తంతో సుగర్ చూసుకోండి. గ్లిమెపిరైడ్ తగ్గించాలా అని డాక్టరును ఈరోజే ఫోన్లో అడగండి. చెమటలు, వణుకు, తికమక కనబడితే వెంటనే పంచదార నీళ్లు ఇచ్చి సుగర్ చూడండి. రక్తం పలచబడే వార్ఫరిన్ లేదా అసినోకౌమరాల్, మూర్ఛకు ఫెనిటోయిన్, వాంతులకు డోంపెరిడోన్ వాడుతుంటే అవీ డాక్టరుకు చెప్పాలి. మళ్లీ చలి జ్వరం వచ్చినా, కంటి ముందు మచ్చలు తేలినా, వెన్నులో వదలని నొప్పి వచ్చినా డిశ్చార్జ్ కాగితాలు పట్టుకుని అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, అక్కడ మొదట బ్లడ్ కల్చర్ తీసి, ఆ తర్వాతే కొత్త మందు మొదలుపెట్టమని చెప్పండి.